మరకకు మందు యాసిడ్ కాదు

ఈ ఆదివారం ఒక్క పని చేయండి. మీ బాత్రూమ్‌లో ఉన్న సీసాలన్నీ తెచ్చి వరండాలో వరసగా పెట్టండి. కమోడ్‌కి ఒకటి, టైల్స్‌కి ఒకటి, నేలకి ఫినాయిల్, మూలన కవరులో ముడేసిన బ్లీచింగ్ పౌడరు, వాష్‌బేసిన్ జాలీ మీద రెండు కలరా ఉండలు. చాలా ఇళ్లలో వీటి మధ్య ఒక పాత నీళ్ల సీసా కూడా ఉంటుంది. దాని మీద పేరుండదు. లోపల నీళ్లలాగో, లేత పసుపుగానో ఏదో ద్రవం. ‘ఫినాయిల్, యాసిడ్’ అని అరుచుకుంటూ వీధిలోకి వచ్చే అతని దగ్గర పండక్కి ముందు కొన్నది. ఈ వారం ఆ సీసా గురించే మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

ప్రభుత్వాసుపత్రిలో జనరల్ మెడిసిన్ చూసే నాలాంటి డాక్టర్లకు ఆ సీసా బాగా పరిచయం. అది మా దగ్గరికి మూడు దారుల్లో వస్తుంది. నీళ్లనుకునో, కూల్‌డ్రింక్ అనుకునో గుక్క తాగిన పిల్లలు, రాత్రి చీకట్లో పొరబడిన పెద్దవాళ్లు ఒక దారి. బాత్రూమ్ కడుగుతూ కడుగుతూ ఊపిరాడక, దగ్గు ఆగక వచ్చేవాళ్లు రెండో దారి. ఇంట్లో మాటామాటా పెరిగి, ఆ క్షణంలో చేతికందింది తీసుకున్నవాళ్లు మూడో దారి. దారులు మూడైనా మొదలు ఒక్కటే. ఆ సీసా ఇంట్లో ఉండటం.

అందుకే నేను చెప్పదలచుకున్నది సూటిగా చెబుతాను. మధ్యతరగతి ఇంటి బాత్రూమ్‌కి యాసిడ్ అక్కర్లేదు. కిరాణా కొట్లో దొరికే రెండు మూడు వస్తువులతో ఇంట్లోనే చేసుకునే ద్రావణం చాలు. కాకపోతే ‘ఇంట్లో చేసింది, సహజమైంది’ అన్న మాటను కూడా గుడ్డిగా నమ్మకూడదు. దేన్ని దేనికి వాడాలో, దేన్ని దేనితో కలపకూడదో తెలిసి వాడాలి.

మురికి, మరక, క్రిమి: మూడూ వేరు

బాత్రూమ్‌లో మనకు మూడు రకాల సమస్యలుంటాయి. మొదటిది జిడ్డు. సబ్బు, నూనె, ఒంటి మట్టి కలిసి నేల మీద, గోడల మీద పాకుడులా పేరుకుంటుంది. కాలు జారేది దీని మీదే. రెండోది ఉప్పు మరక. బోరు నీళ్లున్న ఇళ్లలో కుళాయిల చుట్టూ, షవర్ రంధ్రాల్లో, కమోడ్ లోపల తెల్లగానో పసుపుగానో గట్టిపడే పొర ఇదే. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు అలా అంటుకుపోతాయి. మూడోది క్రిములు. ఇవి కంటికి కనిపించవు.

మన పొరపాటంతా ఈ మూడింటినీ ఒకటే అనుకోవడంలో ఉంది. కమోడ్‌లో పసుపు మరక కనిపించగానే ‘అమ్మో, ఎన్ని క్రిములో’ అనుకుంటాం. నిజానికి అందులో ఎక్కువ భాగం సున్నం లాంటి పదార్థమే. రోగం తెచ్చే క్రిములు మీ నోటిదాకా వచ్చేది కమోడ్ లోపలి మరక నుంచి కాదు. ఫ్లష్ బటన్, కుళాయి పిడి, మగ్గు, తలుపు గడియ, వీటిని ముట్టుకున్న చేతుల నుంచి. మరకను చూసి భయపడి యాసిడ్ పోస్తాం, మగ్గు పిడిని మాత్రం నెలలు గడిచినా సబ్బుతో తోమం. వాసన విషయంలోనూ అంతే. ఫినాయిల్ వాసన గుప్పుమంటే శుభ్రంగా ఉందనుకుంటాం. శుభ్రమైన బాత్రూమ్‌కి అసలు ఏ వాసనా ఉండదు.

యాసిడ్ చేసేదేమిటి?

బాత్రూమ్ యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. కంపెనీల టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఉండేదీ ఇదే, గాఢత తగ్గించి, చిక్కగా చేసి, రంగు కలిపి అమ్ముతారు. వాటి మీద కనీసం పేరు, హెచ్చరిక, తేలిగ్గా ఊడని మూత ఉంటాయి. వీధిలో విడిగా కొన్న యాసిడ్‌కి ఇవేవీ ఉండవు. దాని గాఢత ఎంతో అమ్మేవాడికీ తెలియదు, కొనేవాళ్లకూ తెలియదు.

యాసిడ్ దాడుల కేసులో 2013 జులైలో సుప్రీంకోర్టు స్పష్టమైన ఆదేశాలిచ్చింది. యాసిడ్ అమ్మేవాళ్లు కొన్నవాళ్ల వివరాలు రిజిస్టరులో రాయాలి, ఫొటో గుర్తింపు కార్డు చూడాలి, 18 ఏళ్లలోపు వారికి అమ్మకూడదు. మీ వీధిలోకి వచ్చే అతను ఎప్పుడైనా మీ ఆధార్ కార్డు అడిగాడా? అడగడు. మనమూ అంత ప్రమాదకరమైన వస్తువు కొంటున్నామని అనుకోం.

ఈ ద్రవం ఒక్క గుక్క లోపలికి వెళితే ఏమవుతుందో చాలామందికి తెలియదు. నోరు, గొంతు, అన్నవాహిక, జీర్ణాశయం కాలిపోతాయి. మొదటి గండం గడిచి ఇంటికి వెళ్లినవాళ్లు కొన్ని వారాల తర్వాత మళ్లీ వస్తారు. కాలిన చోట పుండు మానుతూ అన్నవాహిక, జీర్ణాశయం చివరి భాగం ముడుచుకుపోతాయి. అన్నం దిగదు, తర్వాత నీళ్లూ దిగవు. ఎండోస్కోపీతో ఆ దారిని మళ్లీ మళ్లీ వెడల్పు చేయాలి. కొందరికి పొట్టలోకి గొట్టం వేసి ఆహారం పంపాలి, కొందరికి పెద్ద ఆపరేషన్ చేయాలి. ఇది నెలల, ఏళ్ల బాధ. ఇంటిల్లిపాదీ అనుభవించాల్సిన బాధ.

మూడో దారిలో వచ్చేవారి గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆవేశం తరచూ కొద్దిసేపట్లోనే చల్లారుతుంది. ఆ కొద్దిసేపు ప్రమాదకరమైనది చేతికందే దూరంలో లేకపోతే ప్రాణం నిలుస్తుంది. శ్రీలంకలో 1995 నుంచి అత్యంత విషపూరితమైన పురుగుమందులపై ఆంక్షలు పెడుతూ వచ్చారు. ఆ తర్వాత పదేళ్లలో ఆ దేశంలో ఆత్మహత్యల రేటు దాదాపు సగానికి తగ్గింది. ఇంటికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఇంట్లో ఎవరైనా కొన్నాళ్లుగా దిగులుగా ఉంటే వాళ్లతో కూర్చుని మాట్లాడండి. టెలీ మానస్ ఉచిత నంబరు 14416కి ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

కలిపితే విషవాయువు

‘యాసిడ్ ఒక్కటే పోస్తే పోలేదండీ, బ్లీచింగ్ కూడా చల్లాను’ అని చెప్పేవాళ్లు మా దగ్గరికి వస్తుంటారు. బ్లీచింగ్ పౌడరు మీద యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, బెల్జియంలోని ఈప్ర దగ్గర సైనికుల మీదికి వదిలింది ఈ వాయువునే. మీ బాత్రూమ్ నాలుగడుగుల వెడల్పుంటుంది, కిటికీ మూసి ఉంటుంది, నీళ్లు బయటికి చిందకుండా తలుపు కూడా దగ్గరికి వేసి ఉంటుంది. అందులో ముక్కు నేలకు దగ్గరగా పెట్టి, వంగి రుద్దుతున్న మనిషి పీల్చేది ఈ గాలినే. క్లోరిన్ గాలి కన్నా బరువైనది, కిందే పేరుకుంటుంది.

కళ్లు మండటం, గొంతు పట్టేసినట్టుండటం, ఆగని దగ్గు, ఛాతీ బిగుసుకుపోవడం దీని లక్షణాలు. ఆస్తమా ఉన్నవాళ్లకు ప్రాణం మీదికి వస్తుంది. కొందరికి కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం ముదురుతుంది. అందుకే ‘బయటికి వచ్చాక సర్దుకుందిలే’ అని ఊరుకోకూడదు.

ఒక్కసారి పీల్చినదే కాదు, రోజూ కొంచెం కొంచెం పీల్చినదీ లెక్కకు వస్తుంది. నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. దాదాపు 6 వేల మందిని 20 ఏళ్ల పాటు గమనించారు. ఇంట్లో గానీ, ఉద్యోగంగా గానీ శుభ్రం చేసే పని చేసే మహిళల్లో ఊపిరితిత్తుల సామర్థ్యం మిగతా మహిళల కన్నా వేగంగా తగ్గినట్టు గుర్తించారు. దానికి రసాయన క్లీనర్లే పూర్తి కారణమని ఒక్క అధ్యయనంతో తేల్చేయలేం. కానీ వాటిని తగ్గించుకోమని చెప్పడానికి అది చాలు.

మన ఇళ్లలో ఇంకో సంగతి కూడా ఉంది. సీసా కొనేది ఒకరు, దాన్ని పీల్చేది ఇంకొకరు. మీ ఇంట్లో పనిచేసే ఆమె రోజుకి నాలుగైదు ఇళ్లలో బాత్రూములు కడుగుతుంటే, ఆ నాలుగైదు ఇళ్ల యాసిడ్లూ ఆమె ఊపిరితిత్తుల్లోకే వెళతాయి.

ఇంట్లోనే చేసుకోండి

మొదటిది, జిడ్డుకి. లీటరు గోరువెచ్చని నీటిలో ఒక పెద్ద చెంచా బట్టల సోడా వేసి కరిగించండి. రెండు చెంచాల గిన్నెలు తోమే ద్రవం కలపండి. దాని బదులు కుంకుడుకాయలు నానబెట్టి పిసికి వడగట్టిన రసం అరగ్లాసు పోసినా సరే. కుంకుడు రసంతో చేస్తే రెండు రోజుల్లో వాడేయాలి, తర్వాత పులిసి వాసన వస్తుంది. దీన్ని నేల మీద, టైల్స్ మీద, బేసిన్‌లో పోసి 10 నిమిషాలు ఆగి, బ్రష్‌తో రుద్ది కడిగేయండి. బట్టల సోడా క్షారం. చేతులు పొడిబారుతాయి, కంట్లో పడితే మండుతుంది. గ్లవ్స్ వేసుకోండి. అల్యూమినియం వస్తువుల మీద వాడొద్దు.

రెండోది, ఉప్పు మరకలకి. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు దొరుకుతుంది. అదే సిట్రిక్ ఆమ్లం. 50 గ్రాములు తీసుకుని లీటరు నీటిలో కరిగించి స్ప్రే సీసాలో పోసుకోండి. మరక మీద కొట్టి, ఆరిపోకుండా మధ్యలో ఇంకోసారి కొడుతూ 20 నిమిషాలు ఉంచి, రుద్ది కడగండి. కుళాయికి పట్టిన పొరకు ఈ నీళ్లలో పాత గుడ్డ తడిపి అరగంట చుట్టి ఉంచండి. షవర్ ఊడదీసి ఇందులో గంటసేపు నానబెడితే రంధ్రాలు తెరుచుకుంటాయి. కమోడ్ లోపలైతే రాత్రి అందరూ పడుకునే ముందు, నిలిచిన నీటిని బ్రష్‌తో వెనక్కి తోసి, 100 గ్రాముల నిమ్మ ఉప్పు మరక చుట్టూ చల్లి వదిలేయండి. పొద్దున్నే రుద్ది ఫ్లష్ చేయండి.

యాసిడ్ రెండు నిమిషాల్లో చేసే పనిని నిమ్మ ఉప్పు రాత్రంతా తీసుకుని చేస్తుంది. రెండూ ఆమ్లాలే, తేడా బలంలో. నిదానమే ప్రధానం అన్నది బాత్రూమ్ కడగడానికి కూడా వర్తిస్తుంది. వెనిగర్ ఉంటే అదీ వాడొచ్చు, అందులో అసిటిక్ ఆమ్లం నాలుగైదు శాతం ఉంటుంది. కాకపోతే వాసన ఘాటు, ఖర్చు ఎక్కువ.

ఇక్కడ మూడు జాగ్రత్తలు చెప్పాలి.

ఒకటి: నిమ్మ ఉప్పు, వెనిగర్, నిమ్మరసం ఏవీ పాలరాయి మీద, కడప బండ మీద, షాబాద్ బండ మీద, తాండూరు బండ మీద వాడకండి. ఇవన్నీ సున్నపు జాతి రాళ్లు. ఆమ్లం తగిలితే మెరుపు పోయి, గరుకు తేలుతుంది. వాటికి మొదటి ద్రావణంలో బట్టల సోడా మానేసి, సబ్బు నీళ్లు మాత్రమే వాడండి. సెరామిక్ టైల్స్, కమోడ్‌కు ఈ ఇబ్బంది లేదు. టైల్స్ మధ్య సిమెంటు సందుల్లో మాత్రం ఎక్కువసేపు ఉంచకండి.

రెండు: వంట సోడా మీద వెనిగర్ పోస్తే బుసబుస పొంగుతుంది కదా, ఆ పొంగు చూసి ‘భలే పనిచేస్తోంది’ అనుకుంటారు. పొంగేది కార్బన్ డయాక్సైడ్. క్షారం, ఆమ్లం ఒకదాన్నొకటి చంపుకుని మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే. ఈ రెండింటినీ సీసాలో కలిపి దాచుకుంటే ఉపయోగం లేదు, పైగా మూత బిగిస్తే సీసా పేలొచ్చు. పైన చెప్పిన రెండు ద్రావణాలనూ విడివిడిగా, ఒకటి పూర్తిగా కడిగేశాకే రెండోది వాడాలి.

మూడు: ఇది అన్నిటికన్నా ముఖ్యం. నిమ్మ ఉప్పు, వెనిగర్ కూడా ఆమ్లాలే. వాటి మీద బ్లీచింగ్ పౌడరు పడినా క్లోరిన్ వస్తుంది. ‘ఇంట్లో చేసిన సహజ క్లీనరే కదా’ అని దాని మీద బ్లీచింగ్ చల్లితే మళ్లీ అదే ప్రమాదం. బ్లీచింగ్‌ను నీళ్లతో తప్ప దేనితోనూ కలపకూడదు.

బ్లీచింగ్ ఎప్పుడు?

ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు అవుతున్నప్పుడు నిమ్మ ఉప్పు, వెనిగర్ సరిపోవు. అవి మరకను తీస్తాయి గానీ నమ్మకంగా క్రిములను చంపవు. అప్పుడు బ్లీచింగ్ వాడాల్సిందే. ముందు గ్లవ్స్ వేసుకుని మురికిని తీసేసి, సబ్బు నీళ్లతో కడగాలి. మురికి ఉండగా బ్లీచింగ్ సరిగా పనిచేయదు. తర్వాత లీటరు నీటికి మట్టంగా ఒక టీస్పూను తాజా బ్లీచింగ్ పౌడరు కలిపి, ఫ్లష్ బటన్, కుళాయిలు, కమోడ్ సీటు, నేల తుడవాలి. మలం, వాంతి పడిన చోటైతే లీటరుకు మూడు టీస్పూన్లు. 10 నిమిషాలు ఉంచి నీళ్లతో కడిగేయాలి. కిటికీ తెరిచి, ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. నిల్వ ఉంటే బలం పోతుంది.

రోజూ మాత్రం అవసరం లేదు. ఇండిపెండెంట్ ఇళ్లవాళ్లకు ఇంకో మాట: సెప్టిక్ ట్యాంకులో మలాన్ని కుళ్లబెట్టేది బ్యాక్టీరియానే. బ్లీచింగ్, యాసిడ్ అదే పనిగా పోస్తే అవీ చచ్చిపోతాయి.

కలరా ఉండలకు పేరులో ఉన్న కలరాతో సంబంధం లేదు. అవి దేన్నీ శుభ్రం చేయవు, వాసనను కప్పేస్తాయి. నాఫ్తలీన్‌తో చేసినవైతే జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లల్లో ఎర్ర రక్తకణాలు పగిలిపోయి కామెర్లు, రక్తహీనత రావచ్చు. పసిపిల్లలున్న ఇంట్లో బట్టల మధ్య గానీ, బాత్రూమ్‌లో గానీ అవి ఉండకూడదు.

మీరడిగే ప్రశ్నలు

‘మీ ఆసుపత్రుల్లో ఫినాయిల్, బ్లీచింగ్ వాడరా డాక్టరుగారూ?’ అంటారు. వాడతాం. రోజుకి వందలమంది రోగులు తిరిగే చోటు అది. రక్తం, చీము, మలం పడే చోటు. మీ ఇల్లు ఆసుపత్రి కాదు. నలుగురు ఆరోగ్యవంతులు స్నానం చేసే గదికి వార్డు నియమాలు పెట్టుకోనక్కర్లేదు.

‘పదేళ్ల నాటి మరక నిమ్మ ఉప్పుతో పోతుందా?’ అంటారు. ఒక్క రాత్రిలో పోకపోవచ్చు. వరసగా మూడు నాలుగు రాత్రులు చేయండి, పొర పొరగా వదులుతుంది. అప్పటికీ లీలగా ఒక గీత మిగిలితే మిగలనివ్వండి. దానివల్ల ఎవరికీ జ్వరం రాదు. మొక్కై వంగనిది మానై వంగదన్నట్టు, కొత్త మరకను వారం వారం తీసేస్తే అది మానయ్యే దాకా రాదు. స్నానం అయ్యాక వైపర్‌తో నీళ్లు లాగేసి, కిటికీ తెరిచిపెడితే సగం మరకలు, నాచు, బూజు పుట్టనే పుట్టవు.

‘ఇంత ఓపిక ఎవరికుంది?’ అంటారు. నిమ్మ ఉప్పు చల్లి పడుకోవడానికి ఓపిక అక్కర్లేదు. కావలసింది ముందు రోజు గుర్తుపెట్టుకోవడం. ఈ పని అమ్మదో, పనికొచ్చే ఆమెదో అని వదిలేయకుండా ఇంట్లో వంతులు వేసుకోండి. బాత్రూమ్ అందరూ వాడతారు కదా.

జరగరానిది జరిగితే

యాసిడ్ గానీ, ఏ క్లీనర్ గానీ మింగితే వాంతి చేయించకండి. వచ్చే దారిలో గొంతు రెండోసారి కాలుతుంది. ఉప్పునీళ్లు, సోడా నీళ్లు, నిమ్మరసం, పచ్చిగుడ్డు పట్టించకండి. నోరు నీళ్లతో పుక్కిలించి ఉమ్మించండి. వెంటనే 108కి ఫోన్ చేసి, ఆ సీసాతో సహా ఆసుపత్రికి తీసుకురండి. పైకి బాగానే కనిపిస్తున్నా తీసుకురండి. నోట్లో గాయం లేనంత మాత్రాన లోపల లేదని కాదు.

చర్మం మీద పడితే బట్టలు తీసేసి, ధారగా పడే నీటి కింద కనీసం 20 నిమిషాలు ఉంచండి. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని అంతసేపూ కడిగి, వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. వాయువు పీలిస్తే ముందు ఆరుబయటికి రండి. ఫ్లష్ చేయడానికో, బకెట్ తెచ్చుకోవడానికో మళ్లీ లోపలికి వెళ్లకండి. దగ్గు, ఆయాసం ఉంటే ఆ రోజే ఆసుపత్రిలో చూపించుకోండి.

ఇప్పుడు వరండాలో పెట్టిన ఆ పేరులేని సీసా సంగతి. గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి. బ్లీచింగ్ తగలని బకెట్ నిండా నీళ్లు తీసుకుని, ఆరుబయట, అందులోకి యాసిడ్‌ను సన్నని ధారగా పోయండి. యాసిడ్‌లోకి నీళ్లు పోయకండి, చిమ్ముతుంది. ఆ నీళ్లను కమోడ్‌లో పోసి రెండుసార్లు ఫ్లష్ చేయండి. ఖాళీ సీసాను కడిగి, నలిపి చెత్తలో వేయండి. మళ్లీ ఎవరూ అందులో నీళ్లు పట్టుకోకూడదు.

మీరు ఇంట్లో చేసుకున్న ద్రావణాలను కూడా తాగే నీళ్ల సీసాల్లో పోయకండి. స్ప్రే సీసా మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి, పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. మీ ఇంట్లో పనిచేసే ఆమెకు ఏ సీసా దేనికో చూపించి, జత గ్లవ్స్ కొనివ్వండి. ఆమె పనిచేసే మిగతా ఇళ్లవాళ్లకూ ఒక మాట చెప్పండి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే సంఘం సమావేశంలో లేవనెత్తండి: మన మెట్లకూ, మన బాత్రూములకూ యాసిడ్ కొనడం ఈ నెల నుంచి మానేద్దాం అని. నిమ్మ ఉప్పు కిలోల లెక్కన కొంటే ఇంకా చవక కూడా.